రైజన్ ప్రాసెసర్‌ని భద్రంగా ఓవర్‌క్లాక్ చేయడం ఎలా?

“అన్నా, నా 5600ఎక్స్‌ని 4.8 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్లొచ్చా? ఏం కాదు కదా?” ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగని వారం లేదు. కాలేజీ పిల్లలు అడుగుతారు, వీడియో ఎడిటింగ్ చేసుకునేవాళ్లు అడుగుతారు, కొత్తగా పీసీ కట్టించుకున్నవాళ్లు అడుగుతారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే వరసగా రాస్తున్నాను. మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనడం అలవాటు కాబట్టి, గందరగోళం లేకుండా లోపలి చిప్‌ని ప్రాసెసర్ అనే అంటాను. 5600ఎక్స్ అంటే ఏఎమ్‌డీ కంపెనీ రైజన్ వరసలోని ఒక ప్రాసెసర్. దాన్ని ఫ్యాక్టరీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్.

ఇక్కడ నేను చెప్పే పద్ధతిలో వోల్టేజీ పెంచం, తగ్గిస్తాం. 5600ఎక్స్‌కి ఏఎమ్‌డీ 76 వాట్ల గీత గీసింది. ఆ గీత దాటకుండా ఎంత వేగంగా పరుగెత్తగలిగితే అంత వేగంగా పరుగెత్తడం ఈ చిప్ స్వభావం. అదే వేగానికి కాస్త తక్కువ వోల్టేజీ సరిపోయిందనుకోండి, మిగిలిన వాట్లను అది ఇంకొంచెం వేగానికి వాడుకుంటుంది. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది కనుక, వోల్టేజీలో చిన్న తగ్గింపు కూడా పెద్ద ఊరట ఇస్తుంది. సిద్ధాంతం ఇంతే, మిగిలిందంతా ఓపిక.

మీ పీసీకి ఇది పనికొస్తుందా?

ఉదాహరణగా రైజన్ 5 5600ఎక్స్‌నే తీసుకుంటున్నాను. 2020 నవంబరులో వచ్చిన ఆరు కోర్ల (లెక్కలు చేసే విడి భాగాల) చిప్ ఇది, ఇప్పటికీ చాలా ఇళ్లలో పని చేస్తోంది. 5600, 5700ఎక్స్, 5800ఎక్స్, 5900ఎక్స్‌లకు కూడా ఇవే మెట్లు, అంకెలు మాత్రం మారతాయి. మదర్‌బోర్డు బీ450, బీ550, ఎక్స్570లలో ఏదైనా సరే. ఏ320, ఏ520 బోర్డులైతే ఇక్కడితో ఆగిపోండి, వాటిలో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. 3600 లాంటి 3000 వరస చిప్‌లలో మనకు కావలసిన కర్వ్ ఆప్టిమైజర్ (కోర్ల వోల్టేజీని తగ్గించే సెట్టింగు) లేదు. 5800ఎక్స్3డీ ఓవర్‌క్లాకింగ్‌కి తాళం వేసుకునే వచ్చింది, దాన్ని అలాగే వదిలేయండి.

ఇంటెల్ వాళ్లకి: పేరు చివర కె ఉన్న చిప్, జెడ్ వరస బోర్డు రెండూ ఉంటేనే మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) కదులుతుంది. 12400 కొని బీ660 బోర్డులో “ఆప్షన్ కనిపించట్లేదు” అని వెతుక్కోవద్దు. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లున్నవాళ్లు ఓవర్‌క్లాక్ ఆలోచన పక్కనపెట్టి ముందు బయోస్ (బోర్డులోనే ఉండి పీసీని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. వాటిలో ఎక్కువ వోల్టేజీ వల్ల చిప్ నెమ్మదిగా పాడయ్యే సమస్య బయటపడింది. 2024 సెప్టెంబరులో వచ్చిన 0ఎక్స్12బీ మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనల అప్‌డేట్) గానీ ఆ తర్వాతిది గానీ మీ బయోస్‌లో ఉండి తీరాలి.

వారంటీ సంగతి కూడా తెలుసుకోండి. ఏఎమ్‌డీ లెక్కలో ఓవర్‌క్లాకింగే కాదు, వోల్టేజీ తగ్గించడం కూడా వారంటీని రద్దు చేస్తుంది. వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసినా అంతే. దీనికి ఒప్పుకుంటేనే ముందుకు రండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- టవర్ కూలర్, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్నది ఏదైనా చాలు. 5600ఎక్స్ డబ్బాలో వచ్చిన చిన్న కూలర్‌తో కూడా ఈ పని చేయొచ్చు గానీ వాట్ల పరిమితి మాత్రం పెంచకూడదు.
- థర్మల్ పేస్టు, మెత్తటి బట్ట, ఐసోప్రొపైల్ ఆల్కహాల్.
- యూపీఎస్. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు.
- హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం, వాట్లు చూపించేది), సినీబెంచ్ ఆర్23 (వేగాన్ని కొలిచి స్కోరు ఇచ్చేది), కోర్‌సైక్లర్ (ఒక్కో కోర్‌నీ పరీక్షించేది). మూడూ ఉచితమే.
- గది ఉష్ణోగ్రత చూడడానికి చిన్న థర్మామీటరు.
- ఒక నోటు పుస్తకం. ఫోన్లో రాసుకుంటాలే అనుకోకండి. ఆ ఫోన్‌తో మీరు బయోస్ స్క్రీన్‌లు ఫొటో తీస్తుంటారు.

ఇక మెట్లు

1. ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. స్థిరంగా లేని ప్రాసెసర్ పీసీని పడేయడమే కాదు, ఫైలు రాస్తూ రాస్తూ చెడగొట్టగలదు. ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఇప్పుడున్న ప్రతి పేజీనీ ఫొటో తీసుకోండి.

2. దుమ్ము దులపండి, పాత పేస్టు మార్చండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఏఎమ్4 (5600ఎక్స్ కూర్చునే సాకెట్ రకం) బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పాతబడి గట్టిపడ్డ పేస్టు కూలర్‌నీ చిప్‌నీ జిగురులా పట్టేస్తుంది. కూలర్‌ని నేరుగా పైకి లాగితే, లీవర్ వేసే ఉన్నా సరే చిప్ దానికి అంటుకుని సాకెట్ లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకే ముందు పీసీని పది నిమిషాలు ఏదైనా బరువైన పనితో నడిపి పేస్టును వెచ్చబడనివ్వండి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ని సీసా మూత తిప్పినట్టు అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జిగురు వదిలిన సంగతి చేతికే తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి. కొత్త పేస్టు శనగగింజంత చాలు.

3. ఏమీ మార్చకుండా ఒక కొలత తీసుకోండి. బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టి, సినీబెంచ్‌లో పది నిమిషాల మల్టీకోర్ పరీక్ష, తర్వాత సింగిల్‌కోర్ పరీక్ష నడపండి. స్కోరు, గరిష్ఠ ఉష్ణోగ్రత, వాట్లు, గది ఉష్ణోగ్రత రాసుకోండి. 5600ఎక్స్ మల్టీకోర్ స్కోరు 11,000 అటూ ఇటూగా ఉంటుంది. ఈ మామూలు స్థితిలోనే 85 డిగ్రీలు దాటుతుంటే సమస్య కూలర్ దగ్గరో క్యాబినెట్ గాలి దగ్గరో ఉంది. అది సరిచేశాకే నాలుగో మెట్టు. ఈ చిప్ తట్టుకోగల హద్దు 95, ఎక్స్ లేని 5600కి 90. మన పరీక్షల్లో 85ని గోడ అనుకోండి.

4. ర్యామ్ సంగతి ముందే తేల్చుకోండి. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగు) ఆన్ చేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని ఒక రాత్రి నడపండి. ఒక్క తప్పు కూడా రాకూడదు. ర్యామ్‌నీ ప్రాసెసర్‌నీ ఒకేసారి కదిలిస్తే, రేపు పీసీ ఆగినప్పుడు తప్పు ఎవరిదో చెప్పలేరు.

5. బయోస్‌లో ఏఎమ్‌డీ ఓవర్‌క్లాకింగ్ అనే మెనూ ఉంటుంది. హెచ్చరిక చదివి ఒప్పుకోండి. అందులో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ని అడ్వాన్స్‌డ్‌లో పెట్టండి. పరిమితుల దగ్గర మాన్యువల్ ఎంచుకుని పీపీటీ (మొత్తం వాట్లు) 76, టీడీసీ (ఎక్కువసేపు లాగగల కరెంటు, యాంపుల్లో) 60, ఈడీసీ (క్షణకాలం లాగగల గరిష్ఠ కరెంటు) 90 ఇవ్వండి. ఇవి ఫ్యాక్టరీ అంకెలే. “మదర్‌బోర్డు” అనే ఆప్షన్ జోలికి వెళ్లకండి, అది పరిమితులను అమాంతం పైకి లేపుతుంది. స్కేలర్‌ని ఆటోలోనే ఉంచండి.

   జాగ్రత్త: కొన్ని బోర్డులు ఈ అంకెలను మిల్లీవాట్లలో, మిల్లీయాంపుల్లో అడుగుతాయి. అక్కడ 76,000 అని కొట్టాలి. తేడా వచ్చిందేమోనని అనుమానం ఉంటే విండోస్‌లోకి వచ్చాక హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పీపీటీ వరస చూడండి.

6. ఇప్పుడు అసలు పని, కర్వ్ ఆప్టిమైజర్. ముందు అన్ని కోర్లకూ నెగటివ్ 10 పెట్టండి. ఒక్కో అంకె దాదాపు 3 నుంచి 5 మిల్లీవోల్టుల తగ్గింపు. సేవ్ చేసి, సినీబెంచ్ నడపండి. స్కోరు పెరిగి ఉష్ణోగ్రత అంతే ఉందా, తగ్గిందా చూడండి. బాగుంటే ఒక రోజు మామూలుగా వాడండి.

7. తర్వాత ఒక్కో కోర్‌కీ విడివిడిగా ఇవ్వండి. ఒకే చిప్‌లోని ఆరు కోర్లూ ఒకేలా ఉండవు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రతి కోర్ క్లాక్ పక్కన దాని ర్యాంకు కనిపిస్తుంది. మొదటి రెండు ర్యాంకుల కోర్లు ఫ్యాక్టరీ నుంచే తక్కువ వోల్టేజీతో, ఎక్కువ వేగంతో వస్తాయి కాబట్టి వాటికి తగ్గించే చోటు పెద్దగా ఉండదు. వాటిని నెగటివ్ 5 దగ్గరే ఉంచండి. మిగతా నాలుగింటినీ నెగటివ్ 15తో మొదలుపెట్టి, మూడేసి అంకెలు దిగండి. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. “మంచి కోర్ కదా” అని దానికే ఎక్కువ తగ్గిస్తారు, మొదట పడేది అదే.

8. ప్రతి మార్పు తర్వాతా కోర్‌సైక్లర్ నడపండి. ఇది ఒక్కో కోర్‌ని మాత్రమే పరుగెత్తించి మిగతావాటిని ఖాళీగా ఉంచుతుంది. అప్పుడే ఆ కోర్ అన్నిటికంటే ఎక్కువ వేగానికి వెళుతుంది, తక్కువ వోల్టేజీ సరిపోక తడబడేది అక్కడే. తప్పు చేసిన కోర్ నంబరు చూపిస్తుంది. దానికి మూడు అంకెలు వెనక్కి ఇచ్చి మళ్లీ నడపండి. చివర్లో కోర్‌కి గంట చొప్పున ఆరు గంటలు, రాత్రి పడుకునే ముందు పెట్టేయండి.

9. ఇంత స్థిరంగా ఉన్నాక కూడా ఇంకా కావాలనిపిస్తే బూస్ట్ ఓవర్‌రైడ్‌కి (గరిష్ఠ వేగాన్ని పెంచే సెట్టింగుకి) 50 మెగాహెర్ట్జ్ ఇవ్వండి. గరిష్ఠంగా 200 వరకు ఇవ్వొచ్చు. కానీ 50 పెంచిన ప్రతిసారీ ఎనిమిదో మెట్టు మళ్లీ మొదటి నుంచి చేయాలి. నేనైతే 100 దాటను. ఆ పైన వచ్చే లాభం ఆటలో కంటికి కనపడదు.

10. వాట్లు పెంచాలా? టవర్ కూలర్ ఉండి, బోర్డు మీద ప్రాసెసర్ పక్కన కరెంటు మార్చే భాగాలకు అల్యూమినియం దిమ్మ ఉంటే పీపీటీని 90, 95 వరకు తీసుకెళ్లొచ్చు. టీడీసీ, ఈడీసీలకు చెరో ఐదు కలపండి. ఆ భాగాలు బోసిగా ఉన్న చవక బోర్డైతే 76 దగ్గరే ఉండండి.

సినీబెంచ్ పాసైతే చాలదు

ఇది బాగా అనుభవం మీద నేర్చుకున్నాను. మా బావమరిది పీసీకి అన్ని కోర్లకూ ఒకేసారి నెగటివ్ 30 పెట్టాను. సినీబెంచ్ అరగంట నడిచింది, స్కోరు బాగా వచ్చింది, ఇద్దరం సంతోషంగా టీ తాగాం. మూడో రోజు నుంచి ఫోన్లు. ఆటలో ఏమీ కాదు, ఎడిటింగ్‌లో ఏమీ కాదు, రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పీసీ రీస్టార్ట్ అయి ఉంటోంది. కరెంటు అనుకున్నాం, యూపీఎస్ మార్చాం. ఎస్ఎమ్‌పీఎస్ (పీసీ లోపలి పవర్ సప్లై) అనుకుని కొత్తది కొన్నాం. మూడు వారాలకు గానీ ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసుకునే తప్పుల చిట్టా) తెరవాలన్న బుద్ధి పుట్టలేదు. అక్కడ వరసగా ఐదు ఎర్ర గుర్తులు: డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసేది), ఐడీ 18, ఐదింటిలోనూ ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ 6. ఒక్కో కోర్‌కి రెండేసి ఐడీలు కాబట్టి దాన్ని రెండుతో భాగిస్తే 3 నంబరు కోర్ (లెక్క సున్నా నుంచి మొదలు). ఆ ఒక్క కోర్‌ని నెగటివ్ 8కి తెచ్చాను. ఆ రోజు నుంచి మళ్లీ రీస్టార్ట్ కాలేదు. ఎస్ఎమ్‌పీఎస్ డబ్బులు మాత్రం వృథా.

బరువైన పనిలో అన్ని కోర్లూ కలిసి తిరుగుతాయి, వేగం తగ్గి ఉంటుంది, అందుకే తట్టుకుంటాయి. ఖాళీగా ఉన్న పీసీలో ఒక కోర్ ఉన్నట్టుండి నిద్రలేచి 4.65 గిగాహెర్ట్జ్‌కి దూకుతుంది. కర్వ్ ఆప్టిమైజర్ తప్పులు అక్కడ బయటపడతాయి. కాబట్టి రాత్రంతా ఖాళీగా వదిలి చూడండి, స్లీప్‌లో పెట్టి పదిసార్లు లేపి చూడండి, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచి వదిలేయండి.

పరీక్షల తర్వాత చూడవలసినవి:

- ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. ఐడీ 18 ఉంటే కోర్ తగ్గింపు ఎక్కువైంది. ఐడీ 19 వరసగా వస్తుంటే ఎక్కువసార్లు ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (చిప్ లోపలి భాగాలను కలిపే దారి) వేగం మీద అనుమానపడాలి. 1800 మెగాహెర్ట్జ్‌కి, అంటే 3600 ర్యామ్‌కి దిగండి. కెర్నల్-పవర్ 41 మాత్రం “పీసీ సరిగ్గా మూతపడలేదు” అని చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదు.
- హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్ క్లాక్ (చూపించే వేగం) పక్కన ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా పని చేసిన వేగం). పూర్తి లోడ్ మీద ఈ రెండూ దాదాపు ఒకటిగా ఉండాలి. పైన 4.7 అని చూపిస్తూ కింద ఎఫెక్టివ్ 4.4 ఉంటే, వోల్టేజీ చాలక చిప్ తనంతట తను నెమ్మదిస్తోంది.
- సింగిల్‌కోర్, మల్టీకోర్ స్కోర్లు రెండూ మీ మొదటి కొలత కంటే పైన ఉన్నాయా? క్లాక్ పెరిగి స్కోరు తగ్గితే ఆ క్లాక్‌ని నమ్మకండి.

నా 5600ఎక్స్‌లో 76 వాట్ల దగ్గరే అన్ని కోర్ల వేగం 4.45 నుంచి 4.6కి వచ్చింది, వేడి పెరగలేదు. మీది ఇంకా బాగుండొచ్చు, అంత రాకపోనూవచ్చు. ఇంకొకరి అంకెలు, నావి కూడా, ఎత్తి మీ బయోస్‌లో రాయకండి.

తరచూ చేసే తప్పులు

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇది: “ఏమీ చేయకుండానే 1.45 వోల్టులు చూపిస్తోంది, కాలిపోతుందా?” కాలదు. ఒకటి రెండు కోర్లు తేలిక పనికి పైకి దూకినప్పుడు ఆ అంకె మామూలే, అప్పుడు కరెంటు చాలా తక్కువగా ఉంటుంది. అదే 1.45ని మీరు మాన్యువల్‌గా అన్ని కోర్లకూ బిగించి రెండర్ నడిపితే చిప్ ఆయుష్షు తగ్గుతుంది. ఆ రెండూ వేరు.

మాన్యువల్ ఓవర్‌క్లాక్ గురించి కూడా అడుగుతారు. అంటే అన్ని కోర్లనూ 4.6 దగ్గర, 1.25 వోల్టుల దగ్గర బిగించడం. రోజంతా రెండరింగ్ చేసేవాళ్లకి అది పనికొస్తుంది. మిగతావాళ్లకి నష్టం, ఎందుకంటే ఒంటరి కోర్ 4.65కి వెళ్లే అవకాశం పోతుంది, ఆటలకు కావలసింది అదే.

రైజన్ మాస్టర్‌లో (విండోస్‌లో నడిచే ఏఎమ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో) కొన్ని, బయోస్‌లో కొన్ని మార్చకండి. ఒక్క చోటే ఉండండి, అది బయోస్ అయితే మంచిది. బోర్డు వాళ్లిచ్చే ఒక్క నొక్కు ఓవర్‌క్లాక్ బటన్లు అవసరానికి మించి వోల్టేజీ పోస్తాయి, వాటిని ముట్టుకోకండి. ఏఎమ్5కి (ఏఎమ్4 తర్వాతి సాకెట్‌కి) మారినవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. 2023లో 7800ఎక్స్3డీ లాంటి చిప్‌లు కాలిపోయిన తర్వాత ఎస్ఓసీ వోల్టేజీకి (చిప్‌లో ర్యామ్‌ని నడిపే భాగం వోల్టేజీకి) 1.3 వోల్టుల దగ్గర కట్ట వేశారు. పాత బయోస్ ఉంటే ర్యామ్‌కి ఎక్స్‌పో (ఎక్స్ఎంపీ లాంటిదే) ఆన్ చేసే ముందే అప్‌డేట్ చేయండి.

ఇక కాలం. జనవరిలో 24 డిగ్రీల గదిలో 72 చూపించిన పీసీ, ఏసీ లేని గదిలో మే మధ్యాహ్నం 38 ఉన్నప్పుడు 86 చూపిస్తుంది. గది ఎంత పెరిగితే చిప్ దాదాపు అంత పెరుగుతుంది. విజయవాడ, కొత్తగూడెం, రామగుండం వైపు ఉన్నవాళ్లు చలికాలంలో ట్యూన్ చేసుకుంటే ఎండాకాలం కోసం కనీసం 14 డిగ్రీల ఖాళీ వదిలిపెట్టండి. ఏప్రిల్ చివర్లో ఫిల్టర్లు కడిగి, మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ ఆపి, సినీబెంచ్ పది నిమిషాలు మళ్లీ నడపండి. 85 దాటితే పీపీటీని 65కి తగ్గించండి, స్కోరు పడేది కొంచెమే.

పీసీ అసలు ఆన్ కాకపోతే

కంగారు పడకండి. చాలా బోర్డులు రెండు మూడుసార్లు తమంతట తామే ప్రయత్నించి డిఫాల్ట్‌కి వస్తాయి. రెండు నిమిషాలు వదిలేయండి. రాకపోతే ప్లగ్ తీసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టండి. బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఐదారు సెకన్లు కలిపి పట్టుకోండి. ఆ పిన్నులు దొరక్కపోతే రూపాయి బిళ్లలా కనిపించే సీఆర్2032 బ్యాటరీని తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. కొన్ని బోర్డుల్లో అది గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటుంది, ముందు కార్డు తీయాలి. బ్యాటరీ నాలుగైదేళ్ల పాతదైతే ఈ పనిలోనే కొత్తది వేసేయండి. ఆన్ అయ్యాక గడియారం, బూట్ క్రమం సరిచూసుకుని, మొదటి మెట్టులో తీసిన ఫొటోలు తెరవండి.